ఎలిజబెత్ సిస్టరూ, తోమా గారి వీపూ

తాడేపల్లిగూడెంలో ఎలిజబెత్ సిస్టరు నోటికి జడవని పాస్టరు లేడు. సిస్టరంటే మఠం సిస్టరు కాదు, నర్సమ్మ. ఉద్యోగమంతా కొల్లేటి లంకల్లో చేసి, రిటైరయ్యాక గూడెంలో చిన్న డాబా కట్టుకుని స్థిరపడింది. తండ్రి ఉంగుటూరు దగ్గర మిషను బడి పంతులు. ఆదివారం గుడికెళ్ళి సోమవారం తూకంలో మోసం చేసేవాణ్ణి ఆయన "ఉడికీ ఉడకని మెతుకు" అనేవాడు. తినడానికీ పనికిరాడు, విత్తడానికీ పనికిరాడని. ఆ మాట కూతురికి ఆస్తిగా దక్కింది. పొలం మాత్రం అన్నలకి పోయింది.

లంకల్లో ఉన్న రోజుల్లో పడవ దొరక్కపోతే నడుముల్లోతు నీళ్ళలో నడిచి వెళ్ళి పురుళ్ళు పోసింది. అదెంత త్యాగమండీ అని ఎవరైనా అంటే చిరాకు పడేది. "జీతం తీసుకున్నానుగా" అనేది. త్యాగం, సమర్పణ, భారం అనే మాటలు నోట్లో ఎక్కువ నానే మనుషుల్ని ఆమె వీధి చివరి నుంచే వాసన పట్టేది.

వాళ్ళ సంఘంలో అలాంటివాళ్ళకి కొదవ లేదు. పాస్టర్ ఆనంద్ పాల్ కుర్రవాడు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని చేతులు బార్లా చాపిన ఆయన ఫ్లెక్సీ గుడి గేటు కన్నా పెద్దది. అందులో ప్రభువు బొమ్మ ఓ మూలన, స్టాంపు బిళ్ళంత. పాటలకి డ్రమ్ములు, నాలుగు మూలలా నిలువెత్తు స్పీకర్లు. "దేవుడికి చెవుడొచ్చిందనుకుంటున్నారు గాబోలు" అనేది సిస్టరు, పక్కవాళ్ళకి వినపడేలాగే. పాస్టరు కన్నా ఆమెకి ఎక్కువ అసహ్యం తోమా గారంటే.

తోమా గారు సంఘానికి పెద్ద. కొల్లేటి అంచున చేపల చెరువులు, గూడెంలో రెండంతస్తుల ఇల్లు, గొంతులో ఉరుము. ప్రసంగంలో పాస్టరు ఊపిరి తీసుకున్న చోటల్లా ఆయన ఆమేన్ పడేది. చెరువు గట్లు సరస్సులోకి ఏటికేడు జరుగుతున్నాయని లంకవాళ్ళు మొత్తుకుంటే, "దేవుడు నా సరిహద్దులు పెంచాడు" అని గుడిలో సాక్ష్యం చెప్పేవాడు. దేవుడి మీదకి నెట్టిన ఆ సరిహద్దులు పెంచింది పొక్లెయిన్లని అందరికీ తెలుసు. అయినా చప్పట్లు కొట్టేవారు.

ఆ తోమా గారికీ సిస్టరుకీ మధ్య పడినది మామూలు తగువు కాదు.

సిస్టరు ఒక్కగానొక్క కూతురు నిర్మల ఏలూరులో ఉద్యోగం చేస్తూ, తన ఆఫీసులోనే పనిచేసే రవిశంకర్ని చేసుకుంది. పౌరోహిత్యం చేసుకునే ఇంటి పిల్లాడు. ఆ పిల్లాడు మతం మారలేదు, ఈ పిల్లా మారలేదు. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టి, దండలు మార్చుకుని, భోజనాలు పెట్టారు. సిస్టరూ ఆమె భర్త జాషువా వెళ్ళి దీవించి వచ్చారు. మరుసటి ఆదివారం తోమా గారు గుడిలో లేచి నిలబడ్డాడు. అవిశ్వాసి పెళ్ళికి వెళ్ళినందుకు దంపతులిద్దరూ సంఘం ముందు క్షమాపణ చెప్పాలన్నాడు.

జాషువా రైసుమిల్లులో ఎలక్ట్రీషియను. గట్టిగా మాట్లాడి ఎరగడు. ఆ రోజు కూడా గట్టిగా మాట్లాడలేదు.

"నా కూతురి పెళ్ళికి నేను వెళ్ళినందుకు ఎవరికి చెప్పాలండీ క్షమాపణ?" అన్నాడు.

అంతే. ఇద్దర్నీ ప్రభువు రాత్రి భోజనపు బల్లకి దూరం పెట్టారు. రొట్టే ద్రాక్షరసమూ పళ్ళెంలో వరస వెంట వస్తుంటే, వీళ్ళ దగ్గరకొచ్చేసరికి పక్కకి తప్పుకుని పోయేవి. జాషువా తల దించుకునేవాడు. సిస్టరు తల దించేది కాదు, పళ్ళెం పట్టుకున్నవాడి మొహంలోకి చూసేది.

తర్వాతి ఏడాది జాషువా గుండె ఆగి పోయాడు. సంఘం సమాధుల తోట గేటుకి తాళం ఉంది. తాళంచెవి తోమా గారి దగ్గరుంది. సిస్టరు స్వయంగా వెళ్ళి ఆయన వరండాలో నిలబడింది. ఆయన కుర్చీ చూపించలేదు.

"నాదేముందమ్మా ఇందులో. బల్లకి దూరమైనవాళ్ళకి తోటలో చోటు లేదు, రూలు రూలేగా. నీకోటీ ఇంకోళ్ళకోటీ పెడితే సంఘం నిలబడుద్దా?" అన్నాడు, తల ఊపుతూ, ఎంతో బాధపడుతున్నట్టు.

శవాన్ని వ్యానులో వేసుకుని ఉంగుటూరు దాటి, జాషువా పుట్టిన ఊరికి తీసుకెళ్ళారు. అక్కడ కాలవ గట్టు పక్కన, కూలిజనం పూడ్చుకునే చోట పూడ్చారు. ఊడుపులు ఆపి వచ్చిన ఆడవాళ్ళు బురద కాళ్ళతోనే నిలబడి పాట పాడారు. గూడెం నుంచి గ్రేసు ఒక్కతే వచ్చింది. లంక ఆసుపత్రిలో సిస్టరు దగ్గర ఆయాగా చేసిన మనిషి.

ఇక ఈవిడ గుడి ముఖం చూడదని అందరూ అనుకున్నారు. ఆమె మానలేదు. ప్రతి ఆదివారం వచ్చి చివరి వరసలో కూర్చునేది. "ఎందుకమ్మా వెళ్ళడం?" అని నిర్మల ఫోనులో గొడవపడితే, "ఆ గుడి తోమాదా?" అని ఎదురడిగేది. ఆమె అక్కడికి వెళ్ళేది సగం ప్రభువు కోసం, సగం తోమా కళ్ళలో నలుసై ఉండడం కోసం. ఏ సగం పెద్దదో ఆమె ఎప్పుడూ కొలుచుకోలేదు.

తోమా గారికి పక్షవాతం వచ్చింది కొత్త చెరువు గట్టున, కృతజ్ఞతా కూటంలో. షామియానా కింద ఊరంతా కూర్చుని ఉండగా, మైకు పట్టుకుని "ప్రభువు నా కుడిచెయ్యి పట్టుకుని" అంటూనే ఆయన కుడిచెయ్యి వేలాడిపోయింది, మైకు కిందపడి కీచుమంది. గ్రేసు పరిగెత్తుకొచ్చి ఈ కబురు చెబితే సిస్టరు బియ్యం ఏరడం ఆపలేదు.

"బిర్యానీకి ముందా, తర్వాతా?" అని మాత్రం అడిగింది.

"ముందేనండి. కానీ తిన్నారండి అందరూ. ఆయన్ని కారెక్కించాక వడ్డించారు."

"తింటారులే" అంది సిస్టరు.

ఏలూరులో ఆసుపత్రిలో ఉంచి, ఇంటికి తెచ్చారు. కుడివైపంతా పోయింది, మాట పడిపోయింది. మొదటి వారాల్లో సంఘం సంఘమంతా దర్శించింది. మంచం చుట్టూ నిలబడి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, కళ్ళు తెరిచి ఫోటో దిగి వెళ్ళారు. తర్వాత రావడం తగ్గింది. జీతానికి పెట్టిన మనుషులు వారం తిరక్కుండా మానేశారు. ముసలాయన మంచి చెయ్యి ఖాళీగా లేదు, దగ్గరకొచ్చిన వాణ్ణల్లా కొట్టేది. ఇంట్లో ఉన్నది కొడుకు నెల్సన్, కోడలు పింకీ. నెల్సన్ చెరువుల మీదే ఉండేవాడు. పింకీ గది గుమ్మం దాకా వచ్చి ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకునేది.

ఒక శనివారం గ్రేసు వచ్చి గుమ్మంలో చతికిలబడింది.

"వీపు మీద పుండు పడిందండి. నడుం కింద. చూసొచ్చాను. గుప్పెడు పట్టేలా ఉందండి."

"నాకెందుకు చెబుతున్నావు?"

"ఊరికే అండి" అంది గ్రేసు, నేల కేసి చూస్తూ.

గ్రేసు ఊరికే ఏదీ చెప్పదని సిస్టరుకి తెలుసు.

మర్నాడు ప్రసంగం సిలువ మోయడం గురించి. పాస్టర్ ఆనంద్ పాల్ వేదిక మీద చెక్క సిలువ పెట్టించాడు. దానికి బంతిపూల దండ, రంగుల లైట్లు. "ప్రతి దినమూ మోయాలి! అయినవాళ్ళని వదులుకోవాలి! పేరు వదులుకోవాలి!" అని అరుస్తున్నాడు. ఏసీ చల్లగా తగులుతోంది. ముందు వరసలో బంగారు గాజుల చేతులు పైకి లేచాయి. సిస్టరు ఒక్కొక్కళ్ళనీ చూసుకుంటూ పోయింది. ఈయన మోసే సిలువ వాళ్ళావిడ. ఆవిడ మోసేది హ్యాండుబ్యాగు. వాడు కారు తాళంచెవి వేలికి తిప్పుకుంటూ ఆమేనంటున్నాడు. ఏ ఒక్కడైనా ఆ ముసలాయన పక్క మార్చి వచ్చాడా? గుప్పెడు పుండుని ఒక్కడైనా కడిగాడా? థూ, అనుకుంది. కడగడం రాదు వీళ్ళకి. వచ్చినవాళ్ళెవరైనా ఉంటే కదా.

అలా అనుకున్నాకే తట్టింది. ఆ గుడిలో పుండు కడగడం వచ్చిన మనిషి తనొక్కతే.

ఆ సాయంత్రం ఆమె ప్రార్థన చేసింది. ఆమె ప్రార్థనంటే పోట్లాటే. మోకాళ్ళ నొప్పి కాబట్టి మంచం మీద కూర్చునే పోట్లాడేది. "నేను వెళ్ళను. ఆ మనిషి నా మొగుడికి ఆరడుగుల నేల ఇవ్వలేదు. నీకు చేతనైతే ఆ బంగారు గాజులవాళ్ళని పంపు. నన్నడగొద్దు" అంది. జవాబు రాలేదు. రాదని ఆమెకి తెలుసు. శత్రువుకి మేలు చెయ్యమని ఒకసారి చెప్పేశాడు. చెప్పిందే మళ్ళీ చెప్పడం ఆయనకి అలవాటు లేదు.

పొద్దున్నే బీరువా పైనున్న సంచీ దించి, దూదీ కట్టుగుడ్డలూ సర్దుకుని బయలుదేరింది. మొహం గంటు పెట్టుకునే ఉంది. దారిలో ఎవరో "వందనాలండి సిస్టరు గారూ" అంటే కూడా పలకలేదు.

పింకీ తలుపు తీసి తెల్లబోయింది.

"ఆంటీ... మీరా అండీ?"

"నీళ్ళు కాచి చల్లార్చు. శుభ్రమైన గిన్నెలో. ఆ కిటికీలు తెరువు. ఈ సెంటు కొట్టింది ఎవరు?"

"నేనేనండి. వాసనకి..."

"పుండుకి సెంటు కొడితే సెంటు పుండు వాసన వేస్తుందమ్మా."

మంచం మీద తోమా గారు ఆమెని చూశాడు. ఒక పక్కకి జారిపోయిన మొహంలో కళ్ళు మాత్రం సరిగ్గానే ఉన్నాయి. ఆ కళ్ళలో భయం కనిపించింది. మంచి చెయ్యి దుప్పటి పట్టుకుంది.

"భయపడకండి" అంది సిస్టరు, చేతులు కడుక్కుంటూ. "మిమ్మల్ని చంపాలంటే నేనింత దూరం నడిచి రానక్కర్లేదు. మీవాళ్ళే చూసుకుంటున్నారు ఆ సంగతి."

పక్కకి తిప్పింది. గ్రేసు చెప్పిన దానికన్నా అధ్వాన్నంగా ఉంది. లంకల్లో ఎన్నో చూసింది గాని, రెండంతస్తుల ఇంట్లో, ఏసీ గదిలో, ఇంత డబ్బున్న మనిషికి ఇలాంటిది చూడలేదు. కడిగి, కట్టు కట్టి, డాక్టర్ని ఇంటికి పిలిపించమని నెల్సన్‌కి ఫోను చేయించింది. గాలి పరుపు తెప్పించింది. గంటగంటకీ పక్క ఎలా మార్చాలో పింకీకి చూపించింది. పింకీ కక్కుకుని వచ్చింది.

"ముందు అలాగే ఉంటుంది. రేపు ఒకసారే వస్తుంది, ఎల్లుండి రాదు" అంది సిస్టరు. ఆ పిల్ల మీద ఆమెకి కోపం రాలేదు. అది ఒక్కటే ఆ ఇంట్లో ఆమెకి తిట్టబుద్ధి కానిది.

ఆ రోజు నుంచి రోజూ వెళ్ళింది. వానొస్తే గొడుగేసుకుని వెళ్ళింది. జ్వరమొస్తే మందు వేసుకుని వెళ్ళింది. వెళ్ళిన ప్రతిసారీ ఆ గేటు దగ్గర ఆమెకి వెనక్కి తిరగబుద్ధేసేది. అలవాటవుతుందనుకుంది గాని, అవలేదు. వరండా దాటేటప్పుడు తను నిలబడ్డ చోటు కనిపించేది, ఆయన చూపించని కుర్చీ కూడా అక్కడే ఉండేది.

ఊళ్ళో కబురు పాకింది. మెచ్చుకోళ్ళు మొదలయ్యాయి. వాటిని ఆమె తిట్ల కన్నా కష్టంగా భరించింది.

"మీ ప్రేమ ఎంత గొప్పదండీ, సిస్టరు గారూ!" అంది గుడిలో ఒకావిడ, కళ్ళు తుడుచుకుంటూ.

"ప్రేమేంటమ్మా? ఆ మొహం చూస్తే నాకు ఒళ్ళు మంట. మీకంత ప్రేమ ఉంటే రేపొద్దున రండి, డైపరు మారుద్దురుగాని."

ఆవిడ మళ్ళీ దగ్గరకి రాలేదు. పాస్టర్ ఆనంద్ పాల్ మాత్రం ఒక రోజు తోమా గారింటికి వచ్చి, ఆమె కట్టు కడుతుంటే వెనక నుంచి ఫోటో తీసి, సంఘం గ్రూపులో పెట్టాడు. క్షమాపణకి సజీవ సాక్ష్యం అని కింద రాశాడు. సిస్టరు గుడి ఆఫీసుకి వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడింది.

"అది తీసెయ్యండి."

"మనవాళ్ళకి ప్రోత్సాహకరంగా ఉంటుందని పెట్టానండి..."

"ఆ వీపు మీది కాదు, చెయ్యి మీది కాదు. మధ్యలో మీరెందుకు ప్రోత్సహించబడుతున్నారు? తీసెయ్యండి, పాస్టరు గారూ. నేను నిలబడ్డానిక్కడ."

తీసేశాడు. కానీ అప్పటికే ఆ ఫోటో ఏలూరు చేరింది. నిర్మల ఫోను చేసింది.

"నాన్నని గేటు బయట పెట్టినవాడికి నువ్వు ముడ్డి కడుగుతున్నావా?"

"కడుగుతున్నాను."

"ఎవరు చెయ్యమన్నారు?"

"నీకు తెలుసుగా ఎవరు చెయ్యమన్నాడో."

"ఆయన నాన్న గురించేం చెప్పలేదా? నాన్న నీకు ఏమీ కాడా?" జవాబు కోసం నిర్మల ఆగలేదు. "నీ పుణ్యం నువ్వు మూటకట్టుకో అమ్మా. మా ఇంటికి మాత్రం రాకు" అని పెట్టేసింది.

ఆ తర్వాత నెలల తరబడి ఫోను లేదు. సిస్టరు చేస్తే రవిశంకర్ ఎత్తి, "బాగానే ఉన్నామండి అత్తయ్యగారూ. తనకి కొంచెం టైమివ్వండి" అనేవాడు, మెల్లగా. కూతురిది తప్పని సిస్టరుకి ఒక్కసారి కూడా అనిపించలేదు. నిర్మల స్థానంలో తనుంటే ఇంకా ఘాటుగా తిట్టేది. అయినవాళ్ళని వదులుకోవాలని ఆ ఏసీలో నిలబడి అరిచిన కుర్రాడికి ఆ మాటకి అర్థమేంటో ఇసుమంతైనా తెలియదనుకుంది. తనకి మాత్రం ఇప్పుడు తెలుస్తోంది. తెలియకపోయినా బావుండేది.

ఆ కచ్చంతా ఒక పొద్దున చేతిలోకి దిగింది.

పుండు అప్పటికి ఎర్రగా, ఆరోగ్యంగా మారుతోంది. అతుక్కున్న కట్టుని తడిపి, నానబెట్టి, మెల్లగా తియ్యాలి. ఏళ్ళ తరబడి వేలమందికి అలాగే తీసిన చెయ్యి అది. ఆ రోజు ఆమె తడపలేదు. పట్టుకుని ఒక్క లాగు లాగింది. తోమా గారు గొడ్డులా అరిచాడు. కళ్ళలోంచి నీళ్ళు కారి దిండు మీద పడ్డాయి. పక్కన పింకీ బిక్కచచ్చి చూసింది.

సిస్టరు మిగతా పని సరిగ్గానే పూర్తి చేసి, దొడ్లో నీళ్ళ కుళాయి దగ్గరకెళ్ళి గట్టు మీద కూర్చుంది. తన చేతుల్ని తిప్పి తిప్పి చూసుకుంది. తోమా తన రూలుతో తలుపు మూశాడు. తను పుండు కనపడ్డ చోట పీకింది. ఆయనకి రూలు ఆయుధం, తనకి కట్టుగుడ్డ. నువ్వూ ఉడికీ ఉడకని మెతుకువే ఎలిజబెత్తూ, అనుకుంది. ఊరందరి మీదా ఉమ్మిన మనిషికి, తన మీద ఉమ్ముకోవడానికి ఆ పూట ఎక్కడా మొహమాటం కలగలేదు.

మర్నాడు కట్టు విప్పక ముందే మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ ఇంట్లో ఆమె కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. మాటలు నోట్లోంచి రాళ్ళలా వచ్చాయి.

"తోమా గారూ, నిన్న నేను కావాలనే లాగాను. నొప్పి పుట్టాలనే లాగాను. అది తప్పు. నన్ను క్షమించండి."

తోమా గారు ఆమె కేసి చాలాసేపు చూశాడు. గొంతులో గురగురమంది. పెదవి ఒక పక్క వణికింది. తర్వాత మంచి చెయ్యి మెల్లగా పైకెత్తి, గుడిలో కొత్తవాళ్ళని దీవించేటప్పుడు ఎత్తేవాడే, అచ్చం అలాగే అరచెయ్యి చాపి, పక్షవాతం వచ్చాక మొదటిసారి తెలిసేలా ఒక మాట పలికాడు.

"క్ష... మిం... చా... ను."

పింకీ చేతిలో గిన్నె జారింది. "మాటొచ్చింది! మావయ్యగారికి మాటొచ్చింది!" అని ఏడుస్తూ ఫోను కోసం పరిగెత్తింది.

సిస్టరుకి ముందు ఒళ్ళంతా మండింది. ఇన్ని నెలల చాకిరీకి, ఇన్నేళ్ళ దుఃఖానికి, ఈ మనిషి నోరు మొదట తెరిచింది తనని క్షమించడానికి! తర్వాత, ఆపుకుందామన్నా ఆగకుండా, నవ్వొచ్చింది. కడుపు పట్టుకుని నవ్వింది. తోమా గారు చెయ్యి అలాగే పైకెత్తి, ఎందుకు నవ్వుతోందో తెలియక చూస్తున్నాడు.

"మహాప్రసాదం" అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఇటు తిరగండి ఇంక."

ఆ నవ్వు తర్వాత పని కొంచెం తేలికైంది. ఇష్టం మాత్రం కలగలేదు. ఆయన మాట ముక్కలు ముక్కలుగా తిరిగొచ్చింది. వచ్చిన మాటలతో పనివాళ్ళని తిట్టాడు, పింకీ పెట్టిన జావ బాలేదన్నాడు, చెరువుల లెక్క అడిగాడు. ఒక రోజు పుండు పూర్తిగా మూసుకుపోయిందని చూసి, చేతులు తుడుచుకుంటూ సిస్టరే అడిగింది.

"జాషువా విషయంలో మీకేమన్నా చెప్పాలని ఉందా, తోమా గారూ? బలవంతం లేదు. అడుగుతున్నానంతే."

ఆయన పైకప్పు కేసి చూశాడు. ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.

"రూలు..." అన్నాడు. "రూలే... కదమ్మా."

ఆమె సంచీ సర్దుకుంది. గేటు బయటకొచ్చి, గోడకి ఆనుకుని నిలబడింది. ఇక రేపటి నుంచి రానక్కర్లేదు, పుండు మానింది, తన పని అయిపోయింది. వెళ్ళకపోతే ఎవరూ అనేది లేదు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ వెళ్ళింది. మానిన చోట మళ్ళీ పడకుండా చూడాలిగా.

తొలకరికి ముందు రెండోసారి వచ్చింది పక్షవాతం. ఈసారి ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. ఒళ్ళు కడిగి, తెల్లపంచె కట్టింది సిస్టరూ పింకీయే. వీపు శుభ్రంగా ఉంది. మచ్చ తప్ప ఏమీ లేదు.

సమాధి కూటానికి మూడు బస్సుల జనం వచ్చారు. తోటలో గేటు తీసిన వెంటనే కనిపించే చోటు ఆయనదే. పాస్టర్ ఆనంద్ పాల్, సత్యం కోసం రాజీ పడని యోధుడు అని గంటసేపు పొగిడాడు. చివర్లో, "మన మధ్య ఒక సహోదరి ఉన్నారు, ఆమెని శాలువాతో సన్మానించబోతున్నాం" అన్నాడు. సిస్టరు అప్పటికే గేటు దాటి రోడ్డు మీద ఉంది.

నెల్సన్ వెనకాలే పరిగెత్తుకొచ్చాడు. రొప్పుతున్నాడు. మంచివాడే, పిరికివాడు.

"ఆంటీ, ఒక్క నిమిషమండీ. పెద్దలతో మాట్లాడానండి. తాళాలు ఇప్పుడు నా దగ్గరే ఉన్నాయి. జాషువా అంకుల్ని అక్కణ్ణుంచి తీసుకొచ్చి, మన తోటలోనే పెడదామండి. నాన్నగారి పక్కనే చోటుంది. ఖర్చంతా మాదేనండి."

సిస్టరు వాడి మొహం కేసి చూసింది. వాడు నిజంగానే అడుగుతున్నాడు. ఆమె మెత్తగా మాట్లాడదామనే నోరు తెరిచింది.

"వద్దు నాన్నా. ఆయన కూలిజనం మధ్య హాయిగా ఉన్నాడు. మనవాళ్ళ పక్కకి తెచ్చి ఎందుకు బాధపెట్టడం?" అంది. మెత్తగా రాలేదని తెలిసి, వాడి భుజం తట్టింది. "పింకీని బాగా చూసుకో. ఆ పిల్ల మనిషైంది."

ఆ సాయంత్రమే ఏలూరు నుంచి ఫోను వచ్చింది. నిర్మల.

"పోయాడటగా" అంది.

"పోయాడు."

"రేపు రా" అంది నిర్మల. ఇంకేం చెప్పకుండా పెట్టేసింది.

ఏలూరులో వాళ్ళింట్లో ఆ మధ్యాహ్నం రవిశంకరే వండాడు. పప్పు, దొండకాయ వేపుడు, చారు. నిర్మల తల్లికి వడ్డించింది. ఈ నెలల్లో చిక్కిపోయింది.

"నీకు క్షమాపణ చెప్పాడా?" అంది నిర్మల చివరికి.

"లేదు. నన్నే క్షమించాడు."

సిస్టరు ఆ సంగతంతా చెప్పింది. నిర్మల నవ్వలేదు. పళ్ళు బిగించి విని, "వెధవ" అంది. రవిశంకర్ వంటగదిలోంచి దగ్గాడు.

"మరి నువ్వు క్షమించావా?"

సిస్టరు ముద్ద కలపడం ఆపింది. "పొద్దున్నే క్షమించేదాన్నే. సాయంత్రానికి పోయేది. మర్నాడు మళ్ళీ మొదటి నుంచి. అంతకన్నా నాకు చేతకాలేదమ్మా."

"నాకది అర్థం కాదు. అర్థం చేసుకోవాలని కూడా లేదు" అంది నిర్మల. కానీ తల్లి కంచంలో ఇంకాస్త పప్పు వేసి, నెయ్యి కూడా వేసింది.

మజ్జిగ దగ్గరకొచ్చాక సిస్టరు మామూలు గొంతుతో, "ఎల్లుండి లంకకి వెళ్ళాలి" అంది. "గ్రేసు మరిదికి కాలు కుళ్ళుతోందట, షుగరు. డాక్టరు దగ్గరకి రానంటున్నాడు."

"ఎలాంటివాడు?"

"తాగుబోతు. పెళ్ళాన్ని కొడతాడట."

నిర్మల నుదురు కొట్టుకుంది. "నీ ప్రభువుకి మంచి రోగులే దొరకరా, నీ దగ్గరకి పంపడానికి?"

"మంచివాళ్ళని చూడడానికి పాస్టర్లున్నారు" అంది సిస్టరు, కంచం తీసుకుని లేస్తూ. మోకాలు కలుక్కుమంటే బల్ల పట్టుకుంది. రవిశంకర్ వచ్చి ఆ కంచం అందుకున్నాడు.

"ఎల్లుండి నాకు సెలవేనండి, అత్తయ్యగారూ. బండి మీద దింపుతాను. రేవు దాకా."

"ఆయ్, దింపు బాబూ" అంది.